మరపు కమ్మిన ఇంట చట్టమేదీ?

సభలో పలికిన ప్రతి మాటనూ భద్రపరచే వ్యవస్థ మన పార్లమెంటుకు ఉన్నది. పత్రికల గ్యాలరీలో కూర్చున్న మాబోటివారు తమకు వార్త అనిపించినంత మేరకే రాసుకొంటారు. దిగువ బల్లవద్ద కూర్చునే అధికార నివేదకుల పని అట్లా కాదు. కొద్ది నిమిషాలకొకరు చొప్పున వంతులవారీగా వచ్చి, మంత్రి చెప్పినదీ, ప్రతిపక్ష నాయకుడు అరచినదీ, వెనుక బెంచీల నుంచి ఎవరో విసిరినదీ అక్షరం పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండులో ఎక్కించుకొని పోతారు. అటువంటి నివేదకులలో ఒక తెలుగు పెద్దమనిషి మూడు దశాబ్దాలకు పైగా లోక్‌సభలో పనిచేసి 2003లో పదవీ విరమణ చేశారు. కోనసీమవారు. 1998లో నేను ఈ నగరానికి కొత్తగా వచ్చినప్పుడు, పరాయి ఊళ్ళో పండుగపూట నాకు ఆకు వేసి భోజనం పెట్టినది ఆ ఇంట్లోనే. అప్పటినుంచీ ఆయన నాకు బాబాయిగారు; ఆయన భార్య పిన్నిగారు. ఫలానా చర్చ ఏ సంవత్సరంలో జరిగిందో, ఎవరు ఎవరికి అడ్డు తగిలారో గ్రంథాలయానికి వెళ్ళేముందు ఆయననే అడిగేవాళ్ళం. తొంభైపాళ్ళు ఆయన చెప్పినదే సరిపోయేది.

ఆయనకిప్పుడు 82 సంవత్సరాలు. తన భార్య ఎవరో ఆయనకు తెలియదు.

దీపాలు పెట్టేవేళకు ఆయనలో ఆందోళన మొదలవుతుంది. కుర్చీలోంచి లేచి గుమ్మందాకా వెళ్ళి తిరిగి వస్తారు. ఎదుట కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఆమెను ఎంతో మర్యాదగా అడుగుతారు: "అమ్మా, మా ఆవిడ ఇంకా రాలేదేమండీ?" ఆమె తలెత్తకుండానే చెబుతుంది: "కూరగాయలకు వెళ్ళిందండీ, వచ్చేస్తుంది." ఆయన కుదుటపడి కూర్చుంటారు. పావుగంట గడవగానే మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు.

నిజం చెప్పవచ్చుకదా అని ఒకనాడు నేను అవివేకంగా అన్నాను. "మొదట్లో చెప్పాను నాయనా, నేనే మీ భార్యనని. ఎవరో పరాయి ఆడమనిషి ఇంట్లో జొరబడి అబద్ధమాడుతున్నదని భయపడిపోయారు. రాత్రంతా నిద్రపోలేదు. కూరలకు వెళ్ళిందంటే నిశ్చింతగా ఉంటారు. ఆయన నిశ్చింతగా ఉండటమే కదా కావలసింది! నేనెవరో నాకు తెలుసు, చాలదూ?" అన్నదామె. యాభైరెండేళ్ళ దాంపత్యం గురించి ఇంతకంటె బాగా చెప్పిన మాట నేను చదివిన ఇంగ్లీషు సాహిత్యంలోగాని, విన్న ఉపన్యాసాలలోగాని జ్ఞాపకం రావటం లేదు.

అయితే ఆమె ఎవరో ఆమెకు తెలిసినంతమాత్రాన చాలదని గడచిన సంవత్సరం తేలింది. ఉద్యోగకాలంలో కూడబెట్టిన సొమ్ములో ఒక భాగాన్ని ఆయన తన ఒక్కరి పేరిటే బ్యాంకులో గడువు డిపాజిట్టుగా వేసి ఉన్నారు. రాత్రివేళ తోడుండే మనిషికి జీతమివ్వటానికి ఆ సొమ్ము అవసరమైంది. గడువు తీరిన కాగితంమీద సంతకం చేయించబోతే, ఆయన కలం అందుకొని చకచకా నాలుగు షార్ట్‌హ్యాండు గీతలు గీశారు. చేతికి మిగిలిన విద్య అదే. సంతకం కలవలేదని బ్యాంకువారు తిప్పిపంపారు. వ్యాధి సంగతి వివరించగా, "అటువంటప్పుడు వేలిముద్ర కూడా చెల్లదు, ఆయన తరఫున వ్యవహరించే అధికారం తమకున్నట్లు న్యాయస్థానం ఉత్తర్వు తీసుకురండి" అన్నారు. ఆ అధికారి నిబంధనను అతిక్రమించలేదు. మర్యాద తప్పి మాట్లాడలేదు. పెళ్ళి ఫోటో, పింఛను పుస్తకం, ఆధార్ కార్డు పట్టుకొని నిలబడిన 76 ఏళ్ళ ఇల్లాలు, భర్త మనస్సు చెదిరిన మరుక్షణం అతని ఆస్తివిషయంలో చట్టం దృష్టిలో పరాయిదైపోతుందన్నది ఆనాడు నాకు తెలిసివచ్చింది.

గేటు లేని ఇల్లు

ఇది ఒక సామాన్య కుటుంబం కథ మాత్రమే అనుకోవటానికి వీలులేదు. దేశ రాజకీయాలలో మూడు దశాబ్దాలపాటు వెలిగిన ఒక నాయకుని విషయంలోనూ ఇదే ప్రశ్న న్యాయస్థానాల గడప తొక్కింది. జార్జి ఫెర్నాండెజ్‌ను తెలుగు పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. 1967లో దక్షిణ బొంబాయిలో ఎస్.కె. పాటిల్‌ను ఓడించిన కార్మిక నాయకుడు. 1974 మే నెలలో రైలుచక్రాలను ఆపించినవాడు. 1977లో జైలులోనే ఉండి ముజఫర్‌పూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికైనవాడు. పోఖ్రాన్ పరీక్షల నాడూ, కార్గిల్ యుద్ధం నాడూ రక్షణమంత్రి.

కృష్ణమీనన్ మార్గ్‌లోని ఆయన మూడవ నంబరు బంగళాకు గేటు ఉండేది కాదు. ఎదురింటి మంత్రిగారి భద్రతా సిబ్బందితో ఏర్పడిన తగవు ఫలితంగా ఆయన దానిని పీకించివేశారన్నది రాజధానిలో ప్రతీతి. రక్షణమంత్రి ఇంటికి గేటు లేకపోవటం మాకు వింతగా ఉండేది. బర్మా విద్యార్థులు, టిబెట్ కాందిశీకులు, యూనియన్ కార్యకర్తలు, మాబోటి విలేకరులు ఎవరైనా నేరుగా వరండాలోకి నడిచిపోవచ్చు.

ఆయన వివాహం 1971 జూలైలో జరిగింది. భార్య లైలా, కేంద్రంలో విద్యామంత్రిగా పనిచేసిన హుమాయూన్ కబీర్ కుమార్తె. 1975 జూన్‌లో ఆత్యయిక పరిస్థితి ప్రకటించిననాడు ఆ దంపతులు పసిబిడ్డతో ఒడిశాలోని గోపాల్‌పూర్ సముద్రతీరాన ఉన్నారు. ఆయన అజ్ఞాతవాసానికి వెళ్ళారు. ఆమె కొడుకును తీసుకొని విదేశానికి వెళ్ళింది. తిరిగి కలిసినా కాపురం నిలవలేదు. 1980ల నడుమ ఇద్దరూ వేరయ్యారు. రాజకీయ సహచరిగా జయా జైట్లీ ఆయన వెంట నడిచారు.

2009 నాటికి అల్జీమర్స్, పార్కిన్సన్స్ వ్యాధులు ఆయనను లొంగదీశాయి. ఆ ఏటి ఎన్నికలలో ముజఫర్‌పూర్ ప్రజలు ఆయనను ఓడించారు. అటుపై రాజ్యసభ సభ్యత్వం లభించినా ఏడాదిలోపే గడువు తీరిపోయింది. 2010 ఆరంభంలో, పాతికేళ్ళ ఎడబాటు తరువాత, లైలా ఫెర్నాండెజ్ తిరిగి వచ్చి భర్త సంరక్షణ చేపట్టారు. సోదరులు హైకోర్టుకు వెళ్ళారు. ఆయన భార్యవద్దనే ఉండాలనీ, సోదరులు వచ్చి చూడవచ్చుననీ ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాదే ఉత్తరువిచ్చింది. చూడటానికి అనుమతి కోరుతూ జయా జైట్లీ వేసిన వ్యాజ్యం 2012లో సుప్రీంకోర్టు దాకా పోయింది. పదిహేను రోజులకొకసారి పదిహేను నిమిషాలు చూడవచ్చునని అక్కడ తేలింది. గేటు లేని ఇంటి యజమానిని చూడటానికి సర్వోన్నత న్యాయస్థానం అనుమతి కావలసివచ్చింది.

ఇందులో ఎవరిది న్యాయం, ఎవరిది అన్యాయం అని తీర్పు చెప్పటం నా ఉద్దేశం కాదు. ఆనాడు సెంట్రల్ హాలులో మేము చాలా తేలికగా తీర్పులు చెప్పాము. "ఇన్నాళ్ళూ లేని భార్య ఇప్పుడెందుకు వచ్చింది?" అని కొందరు; "ఎన్నాళ్ళున్నా భార్య కానివారికి హక్కెక్కడిది?" అని మరికొందరు. అన్నం కలిపి నోటికందించి, పక్కలు మార్చి, రాత్రులు మేల్కొని ఒక మనిషిని 2019 జనవరి 29 దాకా, అంటే తొమ్మిదేళ్ళపాటు కాపాడటమంటే ఏమిటో మాలో ఒక్కరమూ ఆలోచించలేదు. ఆయన మరణించేనాటికి 88 ఏళ్ళు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. తన్ను ఎవరు చూసుకోవాలని ఆయన కోరుకొన్నారో ఆయన నోట రాబట్టే అవకాశం మాత్రం వ్యాజ్యం మొదలయ్యేనాటికే చేజారింది. ఆ తగవుకు మూలమంతా అక్కడున్నది.

దాచిపెట్టుకొనే జబ్బు

ప్రజాజీవితంలో ఉన్నవారి మతి చెదిరితే దానిని మూసిపెట్టటం మన ఆనవాయితీ. 1994 నవంబరులో అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ తనకు అల్జీమర్స్ సోకిందని స్వదస్తూరితో ప్రజలకు లేఖ రాశాడు. నవలాకారిణి ఐరిస్ మర్డాక్ మతి తప్పినపుడు, ఆమె భర్త జాన్ బేలీ ఆమె బతికి ఉండగానే 1998లో తమ దాంపత్యాన్ని గురించీ, తాను చేస్తున్న సేవను గురించీ పుస్తకం ప్రచురించాడు. భార్య గుట్టు బజారున పెట్టాడని నిందించినవారు లేకపోలేదు. కాని అటువంటి ఇళ్ళలో ఏమి జరుగుతుందో ఆ దేశంలో నలుగురికీ తెలిసింది. మన ఇళ్ళలో అయితే, "పెద్దవారయ్యారు, కాస్త చాదస్తం" అన్న మాటతో సరిపెడతాము. చాదస్తమన్న పేరు ఉన్నంతకాలం వైద్యుడు అక్కరలేదు, చట్టం అక్కరలేదు. ఇంటి ఆడది ఉంటే చాలు.

ఈ ఉపద్రవం ఎంతటిదో లెక్కలు లేకపోలేదు. ఇక్కడి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థతో సహా పలు సంస్థలు కలిసి జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి 7.4 మంది, మొత్తంమీద దాదాపు 88 లక్షలమంది భారతీయులు డిమెన్షియాతో జీవిస్తున్నారని అంచనా. పట్టణాలలో కంటె పల్లెలలో, పురుషులలో కంటె స్త్రీలలో ఇది అధికం. స్త్రీలలో నూటికి 9, పురుషులలో 5.8. ఈ చివరి అంకెమీద కాస్త నిలువవలసి ఉన్నది. మన సమాజంలో భర్త వయస్సున పెద్ద. కనుక ముందు అతడు మంచాన పడతాడు, భార్య సేవ చేస్తుంది. ఆ భార్యకే జ్ఞాపకం చెదిరేనాటికి చేసే మనిషి ఎవరు? కొడుకు న్యూజెర్సీలో, కూతురు బెంగుళూరులో. పిన్నిగారి సంసారం అచ్చంగా అటువంటిదే.

ఈ విషయమై తెలుగుగడ్డమీద జరిగిన ఒక పరిశోధనను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దాని ప్రకారం, ఒకే భాష మాట్లాడేవారిలో కంటె రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించింది. చదువురానివారిలో సైతం ఆ తేడా ఉన్నది. తెలుగు, ఇంగ్లీషు, హిందీ మూడింట ఆరితేరిన మా బాబాయిగారికి ఆ విద్య ఎన్నేళ్ళు కాపు కాసిందో ఎవరూ చెప్పలేరు. కాపు కాసినదేదైనా గడువు పొడిగిస్తుందే తప్ప గండం తప్పించదు.

చట్టంలోని ఖాళీ

పార్లమెంటు ఈ విషయం పట్టించుకోలేదనటం సత్యం కాదు. కాని ప్రతి శాసనమూ ఈ ఇంటి గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం పిల్లలనుంచి మనోవర్తి ఇప్పిస్తుంది. దానికి నెలకు పదివేల రూపాయల గరిష్ఠ పరిమితి ఉన్నది. ఆ పరిమితిని తొలగించి, ఇంటివద్ద సేవలకు చోటు కల్పించే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చి, స్థాయీసంఘానికి వెళ్ళి, చివరకు 2024లో 17వ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. 2024 అక్టోబరులో డెబ్బై ఏళ్ళు దాటిన వారందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. మెచ్చదగిన పనే. కాని అది ఆసుపత్రిలో చేరినవారికి అక్కరకు వచ్చే పథకం. ఈ వ్యాధి పదేళ్ళపాటు ఇంట్లోనే ఉంటుంది.

అన్నిటికంటె విచిత్రమైనది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. రోగి హక్కుల విషయంలో అది గొప్ప ముందడుగు. జ్ఞాపకశక్తికి కలిగే తీవ్ర లోపం కూడా దాని నిర్వచనంలో ఉన్నది. చికిత్స విషయంలో రోగి తరఫున మాట్లాడే ప్రతినిధిని అది గుర్తిస్తుంది. కాని 1987 నాటి పాత చట్టంలో, జిల్లా న్యాయస్థానం విచారణ జరిపి రోగికి సంరక్షకుణ్ణి, ఆస్తికి నిర్వాహకుణ్ణి నియమించే అధ్యాయం ఒకటి ఉండేది. కొత్త చట్టంలో ఆ అధ్యాయం లేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం మైనర్లకు సంబంధించినది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి వైకల్యాలవారి కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం పరిధిలో డిమెన్షియా లేదు.

కనుక డిపాజిట్టు విడిపించుకోవలసిన ముసలి ఇల్లాలు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు పోవాలి. 2019లో కేరళ హైకోర్టు కోమాలో ఉన్న రోగుల విషయంలో ఇటువంటి మార్గదర్శక సూత్రాలు కొన్ని నిర్దేశించింది. శాసనం చేయవలసిన సభ చేయనందువల్ల న్యాయమూర్తులు ఆ ఖాళీ పూడ్చవలసివచ్చింది. వకీలు ఫీజు, వైద్యమండలి ధ్రువపత్రం, వాయిదాలు. ఆ వాయిదాలకు వెళ్ళిన పూట ఇంట్లో రోగిని ఎవరు చూస్తారన్నది మాత్రం ఏ ఉత్తరువులోనూ రాయరు.

భార్యకు సర్వాధికారాలు ఇచ్చివేస్తే సరిపోతుందా? ఆ మాట అనటానికి నాకు ధైర్యం చాలదు. మతిలేని తండ్రి వేలిముద్రతో ఇల్లు రాయించుకొన్న కొడుకుల కథలు ప్రతి జిల్లాకోర్టులోనూ ఉన్నవి. భర్తలూ భార్యలూ అందుకు అతీతులని చెప్పలేము. ఫెర్నాండెజ్ వ్యవహారం నేర్పిన పాఠమూ అదే. చూసేవారికి అధికారమూ ఉండాలి, ఆ అధికారంమీద కన్నూ ఉండాలి. జిల్లా స్థాయిలో, తక్కువ ఖర్చుతో, నిర్ణీత గడువులో సంరక్షకుణ్ణి నియమించి ఏటా లెక్కలు చూసే ఏర్పాటు ఒకటి కావాలి. మతి స్థిమితంగా ఉన్ననాడే, రేపు తనను ఎవరు చూడాలో, తన సొమ్ము ఎవరు ఖర్చుపెట్టాలో మనిషి రాసిపెడితే అది చెల్లే వీలు కల్పించాలి. చికిత్స వరకు 2017 చట్టం ఆ సౌకర్యం ఇచ్చింది. సంసారానికి కూడా దానిని విస్తరింపజేస్తే చాలు.

రెండవది డబ్బు. కేరళలో మంచానపడినవారిని ఇంట్లో చూసుకొనేవారికోసం ఆశ్వాసకిరణం అనే పథకం పెట్టి నెలకు 600 రూపాయలు నిర్ణయించారు. ఆ మొత్తం చూసి నవ్వవచ్చు. కాని రోగిని చూసుకొనే మనిషి కూడా ఒక మనిషి అని ప్రభుత్వ పద్దులో ఒక పంక్తి రాసినందుకు ఆ రాష్ట్రాన్ని గౌరవించాలి. అల్జీమర్స్ రోగుల కుటుంబాలకోసం 1992లోనే దేశంలో మొదటి సంఘం వెలసినది కూడా కేరళలోనే. వృద్ధుల సంఖ్య వేగంగా పెరుగుతున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పగటిపూట రోగులను ఉంచుకొనే కేంద్రం ఒక్కొక్క జిల్లాకేంద్రంలో ఒకటి చొప్పున నడపటం అసాధ్యమని నేను అనుకోను. "మన సంస్కృతిలో వృద్ధులను కుటుంబమే పూజిస్తుంది" అన్న మాట ఉభయసభలలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ సంస్కృతి అంతా చివరకు ఒక్క స్త్రీ నడుముమీద మోపి ఉన్నదని చెప్పిన సభ్యుణ్ణి వినవలసి ఉన్నది.

నేను యాభై దాటి చాలాకాలమైంది. ఈమధ్య సభ్యుల పేర్లు నోటిచివరకు వచ్చి ఆగిపోతున్నవి. బ్యాంకు సంఘటన జరిగిననాటి రాత్రి ఇంటికి వచ్చి నా పేరిట ఉన్న ఖాతాలన్నిటికీ నా భార్య పేరు జతచేసే కాగితాలు తీశాను. ఆమె వాటిని చదివి, "మీరే ముందు మరచిపోతారని ఎట్లా నిర్ణయించారు? నా ఖాతాల సంగతో?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరమూ కూర్చొని రెండు పక్షాలా సంతకాలు చేశాము. పాఠకులలో నా ఈడువారు ఈ వారాంతంలో ఆ పని చేయగలిగితే ఈ లేఖ రాసినందుకు ఫలితం దక్కినట్లే.

గడచిన ఆదివారం మయూర్ విహార్‌లోని ఆ ఇంటికి వెళ్ళాను. హైకోర్టు ఉత్తరువు ఇంకా రాలేదు. నేను కూర్చొని ఉంటానని చెప్పి పిన్నిగారిని కాస్త బయటికి పంపించాను. చాలా రోజుల తరువాత ఆమె ఒంటరిగా వీధిలోకి వెళ్ళింది. సంజవేళ అయింది. బాబాయిగారు లేచి గుమ్మందాకా వెళ్ళి వచ్చారు. "ఏమండీ, మా ఆవిడ రాలేదేం?" అని నన్ను అడిగారు. "కూరగాయలకు వెళ్ళారండీ" అన్నాను. ఆ మాట ఆ పూట నిజం.

కాసేపటికి గంట మోగింది. తలుపు తీశాను. సంచీ చేతపట్టుకొని, చెమట తుడుచుకొంటూ ఆమె లోపలికి వచ్చింది. ఆయన మర్యాదగా లేచి నిలబడి, తన కుర్చీ చూపించి, "రండమ్మా, కూర్చోండి. ఎండనపడి వచ్చినట్లున్నారు. మా ఆవిడ ఇప్పుడే వస్తుంది, మంచినీళ్ళు ఇస్తుంది" అన్నారు.

ఆమె కూర్చున్నది.